టాక్స్ సాబ్‌కు చాయ్

సూరత్‌లోని వడోద్‌లో మేము గది తీసుకున్న కొత్తలో డబ్బు అడిగే ప్రతి మనిషికీ ఒక ముఖం ఉండేది. పాలవాడు క్యాన్ల చప్పుడుతో వచ్చేవాడు. కిరాయి కోసం ఇంటి ఓనరు తల్లి, మేమంతా 'బా' అని పిలిచే గుజరాతీ ముసలమ్మ, మెట్లెక్కలేక కింది నుంచే కేక వేసేది. చిట్టీ నడిపే ఆమె, కేబుల్ టీవీ అతను, వినాయకుడి చందా వాళ్లు, వీళ్లలో ఎవరికి చేతిలో పెట్టి పంపాలో, ఎవరిని రేపు రమ్మనాలో, ఎవరికి చాయ్ పోసి మాటల్లో దించి ఉత్త చేతులతో సాగనంపాలో నాకు నోటికొచ్చు. ఇప్పుడు డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో గాలికే తెలియాలి. ఫోను ఒక్కసారి టింగుమంటుంది, అంతే. ఆ అలవాట్లతో ఈ డబ్బును పట్టుకోబోయి నేను పడ్డ పాట్లు చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, అందుకే చెబుతున్నాను. (నేను చెబుతుంటే రాస్తున్నది మా బ్యాంకు వదిన. నా చదువు రెండో తరగతి గడప దాటలేదు. అంకెలు నాతో బాగానే ఉంటాయి గానీ అక్షరాలే మొహం చాటేస్తాయి. నేను 'గట్ల' అంటే ఆవిడ 'అలా' అని దిద్ది రాస్తోంది. సరే కానిమ్మన్నాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాట్లాడినట్టే రాయాలని ఒట్టు వేయించుకున్నాను.)

మా ఆయన సిరిసిల్ల వైపు నుంచి లూముల పనికి, అంటే మరమగ్గాల మీద బట్ట నేయడానికి, సూరత్ వచ్చిన మనిషి. లూములో నెల జీతం ఉండదు. ఎన్ని తానులు దిగితే అన్ని తానులకే కూలి. పగార్ రోజున సేఠ్ నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు, మా ఆయన వాటిని తెచ్చి నా ఒళ్లో పోసి పడుకునేవాడు. మిగతా రాజ్యం నాది. నేను ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేదాన్ని కాబట్టి రంగురంగుల గుడ్డ ముక్కలకు కొదవ లేదు. పగార్ రాగానే ఒక్కో ఖర్చుకూ ఒక్కో ముల్లె కట్టేదాన్ని. కిరాయికి ఆకుపచ్చ ముక్క, పాలకు తెల్లది, చిట్టీకి పసుపు, బిడ్డ స్కూలుకు గులాబీది. అన్నీ బియ్యం డ్రమ్ములో అడుగున ఉండేవి. వచ్చినవాడి ముల్లె వాడికి విప్పడమే. చదువు లేకపోతేనేం, ఆ డ్రమ్ములో ఏనాడూ లెక్క తప్పలేదు. (బియ్యం కొలిచేటప్పుడు ఒకసారి కిరాయి ముల్లె గిన్నెలోకి వచ్చి, ఎసట్లో పడబోయి తప్పించుకుంది. అది వేరే సంగతి.)

అలాంటి మాకు మంచి రోజులొచ్చాయి. కడోదరా దగ్గర ఒక మిల్లులో మా ఆయనకు పర్మనెంటు నౌకరీ దొరికింది. నెల జీతం, అదీ బ్యాంకులో పడుతుంది, పైగా ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీని మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన దాన్ని పెళ్లి కార్డులాగా రెండు చేతులా పట్టుకొచ్చాడు. నేను బొట్టు పెట్టి దేవుడి పటం ముందు ఉంచాను. ఇక లూము మానేస్తాడనుకున్నాను. మానలేదు. పగలంతా మిల్లు, చీకటి పడగానే డబ్బా పట్టుకుని మళ్లీ పాత సేఠ్ లూముకు. "నెల జీతం జూస్తే పెద్దగ కనవడ్తదే గని, ఇల్లు ఎల్లుతదో ఎల్లదో ఎవలకెరుక? జరన్ని దినాలు రెండు జేస్త" అన్నాడు. ఆ జరన్ని దినాలు సాగుతూనే ఉన్నాయి. మనిషి కళ్లు లోపలికి పోయాయి. ఇంట్లో ఉన్న కాసేపూ మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రే. ఒకనాడు స్కూల్లో ఇంటిల్లిపాది బొమ్మ వేయమన్నారట. మా బిడ్డ నన్ను నిలబెట్టింది, తనను నిలబెట్టుకుంది, వాళ్ల నాన్నను మాత్రం కింద అడ్డంగా గీసి మొహం మీద తువ్వాలు కప్పింది. టీచరమ్మ నన్ను పిలిపించి, గొంతు తగ్గించి, "ఘర్ మే కోయీ గుజర్ గయా క్యా?" అని అడిగింది. ఎవరో పోయారనుకుంది, పాపం. నేను అక్కడ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఆ మాట చెప్పి మా ఆయనతో కొట్లాడాను. లూముల హోరు పక్కన అరిచి అరిచి నా గొంతు ముందే బొంగురు, కొట్లాడితే రంపం పెట్టి కోసినట్టుంటుంది. కింది నుంచి బా కూడా "సూ థయూ?" అని అడిగింది, ఏమైందోనని. ఆయన మాత్రం శాంతంగా ఒకే మాట అన్నాడు. "ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల, లూము పైసలు ముట్టకుండ, అన్ని ఖర్చులు పోను మిగులు జూపెట్టు. ఆ రాత్రే లూము బందు వెడ్త." అదిగో, అప్పటి నుంచి నాకు మిగులు పిచ్చి పట్టుకుంది.

అప్పుడే బ్యాంకు వదిన నా జీవితంలోకి వచ్చింది. ఆవిడ భర్త బ్యాంకులో పని, రాజమండ్రి వైపు వాళ్లు, బదిలీ మీద వచ్చి రోడ్డు అవతలి ఫ్లాట్లలో దిగారు. చీరకు లేసు కుట్టించుకోవడానికి వచ్చి, తెలుగు మాట వినపడగానే చీర సంగతి మరిచిపోయి పూటంతా కూర్చున్న మనిషి. నా మిగులు గొడవ విని, "ఓస్, ఇంతేనా! ఫోనులో ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ వేసి పెడతాను. జీతం ఎక్కించు, ఖర్చులు ఎక్కించు, నెలాఖరుకి అదే చెబుతుంది మిగిలిందో లేదో. మిగిలితే ఆకుపచ్చ అంకె, తక్కువైతే ఎర్ర అంకె" అంది. గదులు గదులుగా ఉన్న ఆ లెక్కల్లో ఒక్కో గదికీ తెలుగులో పేరు పెట్టింది. జీతం, కిరాయి, పాలు, బడి. నా డ్రమ్మే ఫోన్లోకి దూరినట్టనిపించింది. తర్వాత జీతం చీటీ తీసుకుని వేలుపెట్టి చూపించింది. "ఇదిగో, పైన మొత్తం జీతం. కింద పీఎఫ్, వృత్తి పన్ను, ఇవన్నీ కోతలు. పైది పైన ఎక్కించు, కోతలు కింద ఎక్కించు, తీసేస్తే చేతికొచ్చింది తేలుతుంది. చీటీలో ఉన్న ఒక్క గీత కూడా వదలకు, సరేనా అమ్మాయ్?" ఇంతలో వాళ్లింట్లో కుక్కరు పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చి పరుగెత్తింది. (కుక్కరు మాడిపోయింది. ఇది రాయొద్దంటోంది, రాయాల్సిందే అన్నాను.)

ఇక నేను రంగంలోకి దిగాను. మొదటి పేచీ పై అంకె దగ్గరే వచ్చింది. చేతికి రాని డబ్బును వచ్చిందని ఎలా రాస్తాం? మా లూముల వాళ్లలో ఎవరూ పగార్ పైకి చెప్పరు, చెప్పినా నాలుగు తగ్గించే చెబుతారు. రాని డబ్బును వచ్చిందంటే వచ్చేది కూడా ఆగిపోతుందని మా అత్త గట్టి నమ్మకం. అందుకని మొత్తం జీతం జోలికి పోకుండా, బ్యాంకులో పడి ఏటీఎం నుంచి నా కొంగులోకి వచ్చిన డబ్బునే 'జీతం' గదిలో ఎక్కించాను. తర్వాత, వదిన చెప్పినట్టు ఒక్క గీత వదలకుండా, పీఎఫ్, టాక్స్ కూడా ఖర్చుల్లో ఎక్కించాను. ఎక్కించి ఊరుకుంటే ఒక తీరు. ఖర్చు రాశామంటే ఎవరికో ఇవ్వాలి కదా? మరి ఇచ్చేదెవరికి? పడుకున్న మా ఆయనను లేపాను.

"ఏమయ్యా, ఈ టాక్సు, పీఎఫ్ఫు ఎవలకియ్యాలె?"

తువ్వాలు కింది నుంచి జవాబొచ్చింది. "సర్కారుకు."

"సర్కారు ఏడుంటది? పోయి ఇచ్చిరావాల్నా?"

"వాళ్లే తీస్కుంటరు తియ్. పండుకోనియ్యే."

సరే, వాళ్లే వచ్చి తీసుకుంటారన్నమాట. పాలవాడు రాడూ? చిట్టీ ఆమె రాదూ? అలాగే సర్కారు మనిషీ వస్తాడు. సర్కారంటే మాటలా, ఇంతమంది ఇళ్లు తిరిగి రావాలి, కాస్త ఆలస్యమవుతుంది. నేను పీఎఫ్‌కూ టాక్స్‌కూ రెండు కొత్త ముల్లెలు కట్టాను. సర్కారు డబ్బుకు మామూలు గుడ్డ బాగుండదని, ఒక పెళ్లి చీర అంచులో మిగిలిన జరీ ముక్కలు వెతికి మరీ కట్టాను. వచ్చేవాడు పెద్ద మనిషి కనుక మంచి కప్పు ఒకటి, సాసరుతో సహా కొని పక్కన పెట్టాను. బిడ్డ అందులో పాలు తాగుతానంటే, "ముట్టకు, అది టాక్స్ సాబ్‌ది" అనేదాన్ని.

నెల వచ్చేది, నెల పోయేది. సాబ్ రాలేదు. ముల్లెలు బలిసి, జరీ గుడ్డ చాలక పైన ఇంకో గుడ్డ చుట్టాల్సి వచ్చింది. ఇంట్లో మాత్రం నూనె తగ్గించాను, కూర తగ్గించాను, నా చెప్పులు తెగితే పిన్నీసు పెట్టాను. ఎంత తగ్గించినా నెలాఖరుకు ఫోన్లో ఎర్ర అంకె. మా ఆయన లూముకు పోయే ముందు ఫోను అడిగి చూసేవాడు, తిరిగిచ్చి, డబ్బా తీసుకుని మెట్లు దిగేవాడు. ఒకసారి నేనే ఆపి, "ఆ ఫోను మాట ఇడిసిపెట్టు. ఇయ్యాల పోకు" అన్నాను. "ఫోన్ అబద్దమాడ్తదానే? అది మన తీరు మనిషా?" అన్నాడు. నాకు ఆ ఫోన్ను తీసుకెళ్లి తాపీ నదిలో పారేయాలనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సంగతి ఇక. మిల్లుకు సెలవు. మా ఆయన మంచం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు, బిడ్డ కింద బా దగ్గర ఆడుకుంటోంది. తలుపు చప్పుడైతే తీశాను. ఎదురుగా తెల్ల చొక్కా, మెడకు టై, చేతిలో నల్ల సంచి, కాళ్లకు మెరిసే బూట్లు. మా వీధికి బూట్లు వేసుకుని వచ్చే మనిషి ఎవడుంటాడు? టాక్స్ సాబే అనుకున్నాను. అతను నోరు తెరిచేలోపు, "ఇన్ని నెల్లకా వచ్చేది? రాండ్రి, కూసోండ్రి, చాయ్ పెడ్త" అన్నాను. అతనికి తెలుగు రాదని గుర్తొచ్చి, "ఆవో, బైఠో!" అని గట్టిగా హిందీలో చెప్పాను. నా గొంతు సంగతి చెప్పానుగా, మనిషి టక్కున కూర్చున్నాడు.

"మేడమ్, వో పానీ కా..." అన్నాడు.

"పానీ భీ దేతా, చాయ్ భీ దేతా" అన్నాను. సాసరున్న కప్పు తీసి, అల్లం దంచి, సర్కారు కనుక చక్కెర ఎక్కువ వేసి చాయ్ పెట్టి ముందుంచాను. తర్వాత బియ్యం డ్రమ్ములోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, రెండు జరీ ముల్లెలు తీసి, బియ్యం దులిపి, అతని ముందు విప్పాను. నోట్లు గుట్టగా పడ్డాయి. ఆ పిల్లవాడు కప్పు సాసరులో పెట్టేసి నోట్ల వైపే చూశాడు. ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో, ఎన్ని తలుపులు మొహం మీద పడ్డాయో. నోరు తెరవకముందే నోట్లు కుప్ప పోసిన ఇల్లు అతనికి అదే మొదటిదై ఉంటుంది.

"యే పీఎఫ్, యే టాక్స్. గినో. రసీద్ దో" అన్నాను.

"మేడమ్, మై వో నహీ హూ..."

"వో నహీ తో కోన్? పైసలు సక్కగనే ఉన్నయ్, మాది ఈమాన్ ఉన్న ఇల్లు. రసీద్ ఇచ్చి తీస్కపో!"

అతను లేవబోయాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఇన్నాళ్లకు దొరికిన సర్కారును వదులుతానా? సరిగ్గా అప్పుడే బ్యాంకు వదిన, చేతిలో చీరతో, నా వెనకనే వచ్చి నిలబడింది. నోట్లను చూసింది, టై మనిషిని చూసింది, అతను నీళ్ల ఫిల్టరు బొమ్మలున్న కాగితాన్ని డాలులాగా గుండెకు అడ్డం పట్టుకోవడం చూసింది.

"అమ్మాయ్, ఎవరితను?"

"టాక్స్ సాబ్, వదినె. నెల్ల సంది రాలె. గిప్పుడొచ్చి రసీదియ్యంటే తప్పించుకుంటుండు."

వదిన చీర కింద పడేసి గోడకు ఆనుకుని నవ్వింది చూడండి! నాకు ఒళ్లు మండింది. నవ్వాగాక కళ్లు తుడుచుకుని, జీతం చీటీ, ఫోను తెమ్మంది. "ఈ డబ్బులు వాళ్లు ముందే కోసుకున్నారే పిచ్చిదానా. కోసుకోగా మిగిలిందే మీకు బ్యాంకులో పడుతోంది. నువ్వు మళ్లీ ఇంకోసారి తీసి దాచావు, లెక్కలోనూ ఇంకోసారి కోసేశావు."

"తీస్కున్నంక మళ్ల చీటీల ఎందుకు రాసిన్రు?"

"తీసుకున్నామని చెప్పడానికే."

"తీస్కునేటప్పుడు చెప్పాలె గని, తీస్కున్నంక చెప్పుడేంది వదినె? దాన్ని మా తాన ఇంకో పేరుతోటి పిలుస్తరు" అన్నాను. (ఆ పేరు వదిన రాయనంటోంది.)

"టాక్సు సరే, పోయిందే అనుకో. కానీ పీఎఫ్ మీ డబ్బేనమ్మా. మీ ఆయన పేరు మీద దాస్తున్నారు. ఆయనకి ఓపిక లేని రోజునో, నీకు ఆయన తోడు లేని రోజునో, అప్పుడు వాళ్లే ఇస్తారు."

"థూ, గసొంటి మాటనకు వదినె, ఆదివారం పూట" అన్నాను.

అప్పటికి మంచం మీద తువ్వాలు కదిలింది. మా ఆయన లేచి కూర్చున్నాడు. నోట్లను చూశాడు, టై మనిషిని చూశాడు, నన్ను చూశాడు. "ఏందే గివి? బ్యాంకు గిట్ల కొల్లగొట్టినవా?" అన్నాడు. వదిన మొత్తం విప్పి చెప్పేసరికి ఆ మనిషి ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది, దగ్గి మళ్లీ నవ్వాడు. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. టై అబ్బాయి కూడా ధైర్యం తెచ్చుకుని నవ్వుతూ చల్లారిన చాయ్ తాగేశాడు.

వదిన నేల మీద బాసింపట్టు వేసుకుని నెల నెలా సరిచేసింది. పైన మొత్తం జీతం, కింద కోతలు, ఒక్కసారే. రాని డబ్బు రాస్తుంటే నేను మనసులో మా అత్తకు దండం పెట్టుకున్నాను. ఒక్కో నెల సరిచేసినప్పుడల్లా ఎర్రది ఆకుపచ్చ అవుతోంది. చివరికి ఫోను మా ఆయన చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

"నిజమేనా చెల్లె?"

"ఫోను అబద్ధమాడదని మీరే అన్నారటగా అన్నయ్యా!"

ఆయన ఫోను నా ఒళ్లో పెట్టాడు. చీకటి పడే వేళకు, రాత్రి లూముకని నేను కట్టి పెట్టిన డబ్బా మూత తీసి, అందులోని రొట్టెలు పళ్లెంలో పెట్టుకుని, నా పక్కన కూర్చుని తిన్నాడు. అప్పుడే బిడ్డ కింది నుంచి పైకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. దీపాలు పెట్టిన వేళ వాళ్ల నాన్న కూర్చుని, కళ్లు తెరిచి, పళ్లెం ముందు కనిపించడం దానికి వింత. దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. "పప్పా, సూ థయూ? జ్వరమొచ్చిందా?"

ఆయన దాన్ని ఒళ్లోకి లాక్కుని, "వచ్చింది బిడ్డా, ఇగ రోజూ వస్తది" అన్నాడు. నేను పొయ్యి వైపు తిరిగి లేని పనిని కల్పించుకున్నాను.

ఆ నెల స్కూల్లో మళ్లీ వేసిన బొమ్మలో మా బిడ్డ వాళ్ల నాన్నను నిలబెట్టింది. కాళ్లు మాత్రం ఇల్లంత పొడుగు వేసింది, అన్నాళ్లు పడుకుని సాగాయేమో. నాకు కొత్త చెప్పులొచ్చాయి. "పాపం, సర్కారు మనిషిని ఉత్త చేతుల పంపొద్దు" అని మా ఆయన టాక్స్ ముల్లెలోని డబ్బుతో ఆ అబ్బాయి దగ్గరే చిన్న ఫిల్టరు కొన్నాడు. అది ఇవాళ్టికీ గోడకు ఉంది. దాన్ని బాగుచేయడానికి ఆ అబ్బాయి వచ్చినప్పుడల్లా బా కింది నుంచి, "టాక్స్ సాహెబ్ ఆవ్యా!" అని అరిచేది. అతనికీ ఆ పేరే ఖాయమైపోయింది, సాసరు కప్పూ అతనిదే అయింది.

ఆ తర్వాత మాకు చాలా సాయంత్రాలు దొరికాయి. గొప్పగా ఏమీ చేసుకోలేదు వాటితో. ఆయన కూరగాయలు తరిగేవాడు, లావుగా తరిగాడని నేను తిట్టేదాన్ని. ఆయన జీతం చీటీ చదివేవాడు, నేను ఫోన్లో అంకెలు నొక్కేదాన్ని. కోతల దగ్గరికి రాగానే, "జరీ గుడ్డ తెస్తవా?" అని ఏడిపించేవాడు. మిల్లు నౌకరీలో ఉండగానే ఒకనాడు పొద్దున గుండె నొప్పన్నాడు, మధ్యాహ్నానికి లేడు. ఆసుపత్రిలో మొహం మీద గుడ్డ కప్పితే, నిద్రపోతున్నాడేమో లేపుదామా అని మా బిడ్డ నా వైపు చూసింది. అప్పటికి అది కాలేజీ పిల్ల. తెలియక కాదు.

కాగితాలన్నీ వదినే నింపింది, వాళ్ల ఆయనే తిరిగాడు. కొన్నాళ్లకు, నేను చీరకు లేసు కుడుతుంటే ఫోను టింగుమంది. వదిన చూసింది. "నీ పెన్షన్ పడింది. పీఎఫ్ వాళ్లది" అంది. లెక్కల్లో ఎక్కించాలి కదా, కొత్త గది చేసి, "దీనికేం పేరు పెట్టను?" అని అడిగింది. "కొత్తది ఎందుకు వదినె? ఆయన కష్టమే గద. జీతంలనే రాయి" అన్నాను. రాసింది. అంకె ఆకుపచ్చగా వచ్చింది.

ఆ రోజుల్లో డ్రమ్ములో ముల్లెలు పెట్టుకుని, తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని, మంచి కప్పు దాచి గుమ్మం వైపు చూసిన ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. కానీ దానిది మరీ అంత తప్పు లెక్క కాదేమో. సర్కారు వాళ్లు వస్తారని చూసింది, వచ్చారు. కాస్త ఆలస్యమైంది, అంతే. ఇప్పటికీ నెల మొదట్లో ఫోను టింగుమంటే నా నోట ఆ మాటే వస్తుంది, పక్కన ఎవరున్నా లేకున్నా.

"వచ్చిన్రా? రాండ్రి, కూసోండ్రి. చాయ్ పెడ్త."